హిస్టరీలో 'స్ట', వేత్తలో 'త్త'

తెలుగులో "కనీ వినీ ఎరుగని" అని ఒక మాట ఉంది. ఎన్నికల మీటింగుల దగ్గర్నుంచి సినిమా పోస్టర్ల దాకా అందరూ వాడి వాడి అరగదీసేశారు గానీ, విడదీసి చూస్తే చాలా జాగ్రత్తగా కట్టిన మాట అది. కనడం వేరు, వినడం వేరు, ఎరగడం వేరు. మూడిటికీ మూడు క్రియలు. ప్రాచీన గ్రీకులో మాత్రం మొదటిదీ మూడోదీ ఒకే ధాతువు. "నాకు తెలుసు" అనాలంటే గ్రీకువాడు "ఓయ్ద" అంటాడు. వ్యాకరణం ప్రకారం విప్పి చెప్తే దాని అర్థం "నేను చూసి ఉన్నాను".

ఈ ఓయ్ద గురించి ఎందుకు రాస్తున్నానంటే, దీన్ని సంస్కృతంలోని "వేద" పక్కన పెట్టి "చూశారా, గ్రీకు భాష సంస్కృతానికే పుట్టింది" అని తేల్చేసే ఫార్వర్డులు ఎప్పటికప్పుడు చుట్టూ తిరుగుతూ ఉంటాయి. ఇందులో తమాషా ఏంటంటే, మొదటి సగం నిజం. ఓయ్దకీ వేదకీ చుట్టరికం ఉంది, అదీ చాలా దగ్గరి చుట్టరికం. రెండో సగం తప్పు. నిజం ఎక్కడ ఆగిపోయి తప్పు ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి ఈ ఒక్క క్రియ చాలు. ఆ సంగతే ఇప్పుడు.

ముందు రూపాలు చూద్దాం. ఎడమ పక్క గ్రీకు, కుడి పక్క సంస్కృతం.

నాకు తెలుసు: ఓయ్ద – వేద
నీకు తెలుసు: ఓయ్‌స్థ – వేత్థ
అతనికి తెలుసు: ఓయ్‌దె – వేద
మాకు తెలుసు: ఇద్మెన్ – విద్మ
తెలుసుకో: ఇస్థి – విద్ధి
తెలిసినవాడు: ఎయ్‌దోస్ – విద్వాన్
తెలిసినామె: ఇదుయా – విదుషీ

(ఇక్కడ "వేద" అంటే ఋగ్వేదం, యజుర్వేదం కాదండోయ్. అది నామవాచకం, ఇది క్రియ. ఉపనిషత్తుల్లో "ఇలా ఎరిగినవాడు" అని చెప్పేచోట వచ్చే వేద ఇదే. గీతలో కృష్ణుడు మాటిమాటికీ అనే "విద్ధి" కూడా ఈ ఇంటిదే. ఇద్మెన్, ఇదుయా హోమర్ నాటి రూపాలు. తర్వాతి కాలపు ఏథెన్సులో ఇద్మెన్ కాస్తా ఇస్మెన్ అయింది.)

ఇవి చూసి "అబ్బ, భలే కలిశాయే" అనుకోవడం సులువు. కానీ పదాలు కలవడం పెద్ద విశేషం కాదు. పదాలు అప్పు తెచ్చుకోవచ్చు, కాకతాళీయంగానూ కలవొచ్చు. మన బస్సు, టేబులు, స్విచ్చి ఇంగ్లీషులో కూడా ఉన్నాయని తెలుగు ఇంగ్లీషుకి పుట్టిందని ఎవరూ అనరు కదా. ఇక్కడ అసలు సాక్ష్యం పదాల్లో లేదు, వాటి అవకరాల్లో ఉంది.

మొదటి అవకరం. గ్రీకులో "చేసి ఉన్నాను" లాంటి అర్థం వచ్చే రూపం తయారుచెయ్యాలంటే మామూలుగా ధాతువు మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలకాలి. "లెయ్‌పో" అంటే వదులుతాను, "లెలొయ్‌ప" అంటే వదిలి ఉన్నాను. సంస్కృతంలో లిట్ లకారానికీ ఇదే పద్ధతి: కృ – చకార, దృశ్ – దదర్శ. ఆ లెక్కన విద్ ధాతువుకి కూడా ముందు ఇంకో "వి" రావాలి. రాలేదు. గ్రీకులోనూ రాలేదు, సంస్కృతంలోనూ రాలేదు.

రెండో అవకరం. రూపం చూస్తే భూతకాలానిది, అర్థం చూస్తే వర్తమానం. "చూసి ఉన్నాను" అనే రూపం "తెలుసు" అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఇది పాణిని కంట్లో కూడా పడింది. విద్ ధాతువుకి వర్తమానార్థంలో కూడా లిట్టు ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని అష్టాధ్యాయిలో ఒక సూత్రమే (3.4.83) పెట్టాడాయన. ఒక్క ధాతువు కోసం ప్రత్యేకంగా ఒక సూత్రం అంటే ఏంటో కోడు రాసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మామూలు రూలుకి లొంగని కేసు అన్నమాట.

మూడో అవకరం. ఏకవచనంలో ఒక అచ్చు, బహువచనంలో ఇంకో అచ్చు. ఓయ్ద – ఇద్మెన్, వేద – విద్మ. జర్మన్లో కూడా చూడండి: "ఇష్ వైస్" అంటే నాకు తెలుసు, "వీర్ విసెన్" అంటే మాకు తెలుసు. ఏకవచనంలో వై, బహువచనంలో వి. మూడు వేల ఏళ్ళు దాటినా ఆ వంకర అలాగే ఉంది.

నేను కోడు రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు తోచే పోలిక ఇది. రెండు ప్రోగ్రాములు ఒకే పని చేస్తున్నాయంటే ఒకదాన్ని చూసి ఇంకోటి రాశారని చెప్పలేం. ఎవరి మటుకు వాళ్ళు రాసి ఉండొచ్చు. కానీ రెండిట్లోనూ ఒకే లైన్లో ఒకే బగ్గు ఉంటే? ఇక వాదించడానికేమీ ఉండదు. రెండూ ఒకే మూలం నుంచి కాపీ అయినవే. ఓయ్ద, వేద, వైస్ అలాంటి బగ్గుని మోసుకొస్తున్న మూడు కాపీలు.

ఇంకో చిన్న ముచ్చట. పట్టికలో "నీకు తెలుసు" వరస చూడండి. ధాతువు చివర "ద్" ఉంది, దాని పక్కన "థ" వచ్చి చేరింది. సంస్కృతం దాన్ని "త్థ" చేసింది, గ్రీకు "స్థ" చేసింది. "తెలుసుకో"లో సంస్కృతం "ద్ధ" అంది, గ్రీకు మళ్ళీ "స్థ" అంది. అంటే ఇది నియమం, ఊరికే జరిగింది కాదు. ఇప్పుడు ఇదే ధాతువుకి "చేసేవాడు" అనే అర్థమిచ్చే ప్రత్యయం తగిలించండి. సంస్కృతంలో "వేత్తృ", మన శాస్త్రవేత్తలో ఉన్న వేత్త. గ్రీకులో "హిస్తోర్". ఆ హిస్తోర్ నుంచి "హిస్తోరియా", దాన్నుంచి హిస్టరీ. హిస్టరీలో "స్ట", వేత్తలో "త్త" ఒకే చోట పుట్టినవి. మనం చరిత్రవేత్త అన్నప్పుడల్లా ఆ మాట చివర్లో హిస్టరీకి చుట్టం ఒకటి తెలియకుండానే కూర్చుని ఉంటుంది. ఇదే ధాతువు లాటిన్ దారిలో వీడియో అయింది, గ్రీకులోనే ఇంకో దారిలో ఐడియా అయింది. ఐడియా అంటే మొదట్లో "కంటికి కనపడే రూపు" అనే అర్థం, ఆలోచన కాదు.

సరే, చుట్టరికం ఖాయమైంది. మరి ఎవరు ఎవరికి పుట్టారు?

గ్రీకే తల్లి అనుకుందాం. అప్పుడు సంస్కృతంలో "వ" ఎక్కణ్ణుంచి వచ్చింది? గ్రీకులో ఓయ్ద, ఇద్మెన్ అన్నీ అచ్చుతో మొదలవుతున్నాయి. జర్మన్లో, లాటిన్లో, సంస్కృతంలో అన్నిట్లోనూ "వ" ఉండి గ్రీకులో మాత్రమే లేదంటే, గ్రీకు పోగొట్టుకుందనే అర్థం. పోగొట్టుకున్నవాడి దగ్గర్నుంచి ఇంకొకడికి అది రాలేదు.

సంస్కృతమే తల్లి అనుకుందాం. గ్రీకులో "ఎయ్‌దోస్"లో ఎయ్, "ఓయ్ద"లో ఓయ్. లెయ్‌పోలో ఎయ్, లెలొయ్‌పలో ఒయ్. ఈ తేడా పద్ధతి ప్రకారం వస్తుంది. సంస్కృతంలో రెండు చోట్లా ఒకటే "ఏ". రెండు రంగుల్ని కలిపి ఒకే రంగు చేసి సేవ్ చేసిన బొమ్మ నుంచి పాత రంగులు వెనక్కి రాబట్టలేం కదా. అంచేత గ్రీకు ఈ తేడాని సంస్కృతం నుంచి తెచ్చుకుని ఉండదు.

"గ్రీకువాళ్ళే ఆ తేడాని కొత్తగా కల్పించుకున్నారేమో?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. దానికి జవాబు సంస్కృతంలోనే ఉంది. కృ ధాతువుని రెండుసార్లు పలికితే "కకార" కావాలి గదా, "చకార" ఎందుకైంది? ఇది మనవాళ్ళకి తెలుగులో చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది. కన్నడంలో "కివి" అంటారు, మనం "చెవి" అంటాం. ఇ, ఎ లాంటి అచ్చు పక్కనుంటే "క" కాస్తా "చ" అయిపోతుంది. చకారలో కూడా ఆ మొదటి అక్షరంలో ఒకప్పుడు "ఎ" ఉండేది. అది "క"ని "చ" చేసేసి, తర్వాత తాను "అ"లో కలిసిపోయింది. దొంగ వెళ్ళిపోయాడు, వేలిముద్ర మిగిలింది. 1870ల్లో యూరప్‌లో చాలామంది పండితులు ఇంచుమించు ఒకేసారి ఈ సంగతి పట్టుకున్నారు. సంస్కృతం పోగొట్టుకున్నది గ్రీకు దాచింది, గ్రీకు పోగొట్టుకున్నది సంస్కృతం దాచింది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. తల్లి వేరే. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో, ఆ మూలభాష ఇప్పుడు ఉండకపోవచ్చు కూడా అని అన్నాడు. ఫార్వర్డులు జోన్స్ పేరు తెస్తాయి గానీ ఈ ముక్క తేవు.

ఇంతకీ గ్రీకులో పోయిన ఆ "వ" నిజంగా ఉండేదా, లేక పండితులు కాయితం మీద పుట్టించారా? ఈ కథ నాకు చాలా ఇష్టం.

గ్రీకు ఛందస్సులో అచ్చు మీద అచ్చు వస్తే మొదటిది లోపించడం మామూలు. మన ఉత్వసంధి లాగా అనుకోండి. హోమర్ కావ్యాల్లో కొన్ని పదాల ముందు మాత్రం ఈ లోపం జరగాల్సినచోట జరగదు. అచ్చుతోనే మొదలైనా హల్లుతో మొదలైనట్టు ప్రవర్తిస్తాయి. 18వ శతాబ్దం మొదట్లో రిచర్డ్ బెంట్లీ అనే ఇంగ్లీషు పండితుడు దీనికి కారణం చెప్పాడు. అక్కడ ఒకప్పుడు "వ" ఉండేదని, ఏథెన్సు వాళ్ళు వదిలేసిన "దిగమ్మ" అనే పాత అక్షరం అదేనని. మన విద్ ధాతువు పదాలు కూడా ఆ జాబితాలోవే.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి పైగా గడిచాయి. 1939లో గ్రీసు నైరుతి మూల పైలోస్ దగ్గర కార్ల్ బ్లెగెన్ తవ్వితే వందల మట్టి పలకలు బయటపడ్డాయి. మీద రాసింది లీనియర్ బి అనే లిపి, ఎవరికీ చదవడం రాదు. ఆలిస్ కోబర్ అనే అమెరికన్ ప్రొఫెసరు, ఆ లిపిలోని పదాలకి చివరలు మారుతున్నాయనీ, అంటే ఆ భాషకి విభక్తుల్లాంటివి ఉన్నాయనీ ఓపిగ్గా పట్టుకుంది. 1950లో చనిపోయింది, ఫలితం చూడకుండానే. 1952లో మైకేల్ వెంట్రిస్ దాన్ని చదివేశాడు. వయసు 29, వృత్తి ఆర్కిటెక్టు. భాష గ్రీకు అని తేలింది. హోమర్ కన్నా కొన్ని వందల ఏళ్ళ పాత గ్రీకు.

పైలోస్ పలకల్లో ఒకటి (పండితులు పెట్టుకున్న నంబరు టిఎ 711) ఒక సామాన్ల జాబితాకి మొదటి పేజీ. రాజు ఒకాయన్ని ఏదో పదవిలో నియమించినప్పుడు, కొట్లో ఏమేం ఉన్నాయో ఇంకొకాయన లెక్క చూశాడు. కూజాలు, బల్లలు, కుర్చీలు అన్నీ రాయించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టాక్ వెరిఫికేషన్. ఆ పలక మీద మొదటి మాట: "ఓ-వి-దె". "ఇలా చూశాడు" అని. "వి" కోసం వాళ్ళకి విడిగా ఒక అక్షరం ఉంది. సుమారు క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో ఆ రాజభవనం తగలబడి, ఆ మంటల్లో మెత్తటి మట్టి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడి మిగిలాయి. బెంట్లీ సంధి జరగని ఖాళీని చూసి ఊహించిన "వ" అక్కడ కళ్ళెదురుగా ఉంది. ఊహ మొదట, చూడడం తర్వాత. ఇప్పుడు ఆయన బతికుంటే నిజంగానే "ఓయ్ద" అనొచ్చు.

ఇదే పద్ధతి మన భాషకి కూడా ఎంత మేలు చేసిందో చెప్పకపోతే అన్యాయం. 1816లో జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ భాషల క్రియారూపాల్ని పోలుస్తూ పుస్తకం వేశాడు. పదాల్ని కాదు, ప్రత్యయాల్ని పోల్చాలన్నది అందులో కీలకం. అదే 1816లో మద్రాసులో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట లాంటిది రాశాడు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పండితుడు వేదం పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికని ఆధారం చేసుకుని, తెలుగులో సంస్కృత పదాలు ఎన్నున్నా ధాతువులు సంస్కృతానివి కావనీ, తెలుగు తమిళ కన్నడాలది ఒకే కుటుంబమనీ చూపించాడు. ఒకే పద్ధతి. అక్కడ చుట్టాల్ని కలిపింది, ఇక్కడ చుట్టాలు కానివాళ్ళని విడదీసింది. "గ్రీకు సంస్కృతం నుంచి వచ్చింది" అనే ఫార్వర్డు పంపేవాళ్ళే రేపు "తెలుగు సంస్కృతం నుంచి వచ్చింది" అని కూడా పంపుతారు. రెండిటికీ జవాబు ఒకటే: పదాలు కాదు బాబూ, రూపాలు చూడు.

మన క్రియకి కూడా సొంత కథ ఉంది మరి. తెలియు, తెలుపు, తెల్ల, తేట, ఇవన్నీ ఒక కుటుంబం. కలక తేరుకుని నీళ్ళు తేటపడడం, చీకటి పోయి తెల్లవారడం, తెలియడం మనకి ఒకటే. గ్రీకువాడికి తెలియడమంటే కన్ను చేసిన పని, కర్త "నేను". మనకి "నాకు తెలుసు". విషయం తేటపడి నా దగ్గరికి వస్తుంది, నేను అందుకునేవాణ్ణి మాత్రమే. ఏది గొప్ప అని కాదు. రెండు జాతులు రెండు చోట్ల నిలబడి ఒకే సంగతిని చూశాయి, అంతే.

ఇక హిస్తోర్ దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే అసలు మలుపు అక్కడుంది. బియోషియా శాసనాల్లో ఈ మాట "వ"తో సహా "విస్తోర్" అని, సాక్షి అనే అర్థంలో దొరుకుతుంది. చూసినవాడు కాబట్టి సాక్షి. ఇలియడ్ 23వ సర్గలో రథాల పందెం జరుగుతుంటే, దూరంగా ముందు వస్తున్నది ఎవరి రథమని ఇడొమెనియస్‌కీ చిన్న అయాక్స్‌కీ గొడవ వస్తుంది. నీ కళ్ళు పోయాయి ముసలాడా అన్న ధోరణిలో అయాక్స్ మాట్లాడితే, పందెం కాద్దాం, అగమెమ్నోన్‌ని హిస్తోర్‌గా పెడదాం అంటాడు ఇడొమెనియస్. ఇక్కడ హిస్తోర్ అంటే మధ్యవర్తి. అప్పటిదాకా ఏమీ చూడనివాడు కూడా హిస్తోర్ కావచ్చు, తేల్చగలిగితే చాలు. చివరికి అకిలీస్ లేచి, ఊరుకుని కూర్చోండి, గుర్రాలు వచ్చాక మీకే కనపడుతుంది అని ఇద్దరి నోళ్ళూ మూయిస్తాడు.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ తన పుస్తకం మొదటి వాక్యంలోనే తను చేసింది "హిస్తోరియే" అన్నాడు. అంటే విచారణ. చూసినవాడి మాట కాస్తా అడిగి తెలుసుకునేవాడి మాటగా మారింది. పాపం ఆయన అన్నీ ఎలా చూడగలడు? అందుకే ఒక పని చేశాడు. ఈజిప్టు గురించి చెప్తూ రెండో పుస్తకంలో ఒకచోట ఆగి, ఇంతవరకూ చెప్పింది నేను చూసిందీ ఆలోచించిందీ విచారించిందీ, ఇక్కణ్ణుంచి ఈజిప్టువాళ్ళు చెప్పగా విన్నది అని గీత గీశాడు. ఏడో పుస్తకంలో, చెప్పుకునేదాన్ని చెప్పడం నా పని, నమ్మి తీరాలని లేదు అన్నాడు.

ఆ గీత ఎంత విలువైందో ఒక్క ఉదాహరణ. సుమారు క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో నెకో అనే ఫారో ఫినీషియన్ నావికుల్ని ఆఫ్రికా చుట్టి రమ్మని పంపాడట. తిరిగొచ్చినవాళ్ళు, పడమరకి పోతుంటే సూర్యుడు మాకు కుడిపక్క ఉన్నాడు అన్నారట. హెరొడోటస్ ఇది నేను నమ్మను అని రాశాడు. కానీ రాశాడు. భూమధ్యరేఖకి దక్షిణంగా బాగా దిగి పడమరకి పోతే మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన, అంటే కుడివైపే ఉంటాడు. ఆయన నమ్మలేకపోయిన ముక్కే ఇవాళ ఆ ప్రయాణం నిజమై ఉండొచ్చనడానికి అన్నిటికన్నా గట్టి ఆధారం. తనకి నచ్చలేదని ఆ వాక్యం కొట్టేసి ఉంటే మనకి ఏమీ మిగిలేది కాదు.

అదన్నమాట ఓయ్ద సంగతి. "తెలుసు" అనే మాటకి గ్రీకువాళ్ళు పెట్టిన ధర "చూశావా?". అందరికీ అన్నీ చూడడం కుదరదు కాబట్టి హెరొడోటస్ దానికి కొంత సడలింపు ఇచ్చాడు: చూడకపోతే అడుగు, అడిగింది చెప్పు, కానీ ఏది చూశావో ఏది విన్నావో కలిపెయ్యకు. కనీ, వినీ, ఎరగడం. మూడు మాటలు విడివిడిగా పెట్టుకున్న మనకి ఇది ఒకరు చెప్పాలా?

ఈసారి ఎవరైనా "ఓయ్ద, వేద, చూశారుగా!" అని పంపితే ఒక్కటే అడగండి. "చూశాను, ఇద్మెన్ కూడా చూశావా?"